మునిగిన నేలకు పటమే సాక్ష్యం: తీరాన్ని చూసే అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి, సర్వే, భూమి రికార్డుల శాఖ అధికారులకు, రాష్ట్ర ఆర్కైవ్స్ బాధ్యులకు, తీర జిల్లాల కలెక్టర్లకు,

నమస్కారాలు.

మా పెద్దక్క పెళ్లి ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. 1968 వేసవిలో ఉప్పాడ దగ్గర మా పాత ఇంటి ముందు తీసినది. అరచేతిలో ఇమిడే నలుపు తెలుపు బొమ్మ. అక్క తల వంచుకుని ఉంది. బావగారు కెమెరా వైపు బెదురుగా చూస్తున్నారు. పందిరి గుంజకు కట్టిన మామిడాకులు ఎండకు ముడుచుకుపోయాయి. చిన్నప్పటి నుంచి ఆ ఫొటోలో నేను మనుషులనే చూశాను. ఉద్యోగ విరమణ తరువాత ఒకరోజు భూతద్దం పెట్టి వాళ్ల వెనక ఏముందో చూశాను. పందిరి దాటాక ఖాళీ జాగా, అందులో ఆరేసిన వలలు, ఆ తరువాత సరుగుడు చెట్ల వరస, చెట్ల సందుల్లోంచి ఇసుక మీద ఒరిగి ఉన్న రెండు పడవలు, వాటికీ అవతల సన్నని దారప్పోగులా సముద్రం.

ఇవాళ ఆ పందిరి వేసిన చోట పడవలు లంగరు వేసుకుంటున్నాయి.

ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పాను. మన రాష్ట్రానికి 974 కిలోమీటర్ల తీరం ఉందని ప్రతి ఏడూ బోర్డు మీద రాశాను. ఈమధ్య కేంద్రం తీరాన్ని కొత్తగా లెక్క కట్టి, అది 1,053 కిలోమీటర్లని తేల్చింది. భూమి పెరిగి ఆ అంకె పెరగలేదు. వెనకటి కొలత చాలా చిన్న స్కేలు పటం మీద చేసినది, కొత్తది వంపులూ కయ్యలూ కనిపించే పెద్ద స్కేలు మీద చేసినది. నిజానికి ఈలోగా మా ఊరి దగ్గర నేల తరిగింది. తీరం పొడవు పెరిగిందన్న వార్త చదివిన రోజున మా వీధిలో వాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, పోయినది ఏ పటంలో ఉంది?" ఆ ప్రశ్నను మీ దాకా తేవడానికే ఈ లేఖ.

నేను కోరేది ఇది. మన తీరానికి సంబంధించిన పాత పటాలను, ఓడల చార్టులను, ఫొటోలను ఊరి వారీగా ఒకచోట చేర్చండి. వాటిని తెలుగు పేర్లతో, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టండి. అంతకంటే ముందు వాటిని తీరం మీది పెద్దల ముందు పరిచి, వాళ్లు చెప్పేది రాసుకోండి. చివరి పనికి వ్యవధి చాలా తక్కువగా ఉంది.

ఉప్పాడ దగ్గర సముద్రపు కోత మీకు తెలియనిది కాదు. ప్రతి వాయుగుండానికీ కాకినాడ బీచ్ రోడ్డు తెగుతుంది, బండరాళ్లు పోస్తారు, మళ్లీ తెగుతుంది. ఇసుక నింపిన జియో ట్యూబులతో గోడ కట్టారు, అదీ నిలవలేదు. నివారణ గురించి ఇంజనీర్లు మాట్లాడాలి, నేను మాట్లాడను. కానీ ఈ కోత కథ అర్థం కావాలంటే రోడ్డు దగ్గర నిలబడితే చాలదు, పటాలను వరసగా పేర్చుకోవాలి. కాకినాడ రేవుకు అడ్డంగా నిలిచి అలల నుంచి కాపు కాస్తున్న హోప్ ఐలాండ్ వయసు దాదాపు రెండు వందల ఏళ్లే. గోదావరి తెచ్చిన ఇసుకా ఒండ్రూ మేట వేసి, ఉత్తరంగా సాగుతూ పదహారు కిలోమీటర్ల దిబ్బ అయింది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికే. దారిలో ఆ దిబ్బ పట్టుకున్న ఇసుక ఉప్పాడకు అందదు. పైన నదుల మీద కట్టిన ఆనకట్టల వెనక ఆగిపోయిన ఒండ్రు అసలు సముద్రానికే చేరదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత టోపోషీట్లను, అంటే సర్వే శాఖ గీసిన నేల పటాలను, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, గోదావరి, కృష్ణా డెల్టాల అంచు ఎక్కడెక్కడ కరిగిపోతోందో చూపించారు. ఆ పని ఇంగ్లీషు పరిశోధన పత్రికల్లో ఉంది. కోతకు ఇల్లు పోగొట్టుకున్న మనిషి దాన్ని చూడలేదు.

ఇల్లు పోగొట్టుకున్న మనిషికి పటం ఎందుకంటారా? మా పక్కింటివారి సంగతి చెబుతాను. వాళ్ల తాతల నాటి నివేశన స్థలం నీళ్లలో ఉంది. దానికి బదులు స్థలం ఇప్పించమని కాగితాలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లారు. తోడు నేనూ వెళ్లాను. అక్కడి గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "సర్వే నంబరు సరే, స్థలం ఎక్కడుందో చూపించండి" అన్నాడు. ఆ మాటలో దుర్మార్గం ఏమీ లేదు. అతని బల్ల మీద ఉన్న పటంలో ఆ నంబరు లేదు, అంతే. పక్కింటావిడ కిటికీలోంచి తూర్పు వైపు చెయ్యి చూపింది. దానికి అతని దగ్గర జవాబు లేదు. మేం లేచి వచ్చేశాం.

ఆ నంబరు ఉన్న పటం ఎక్కడో ఉంది. మద్రాసు రాష్ట్రం కాలంలో మైలుకు పదహారు అంగుళాల స్కేలు మీద గీసిన గ్రామ పటాల్లో ప్రతి పొలం గట్టు, ప్రతి బావి, ప్రతి దారి ఉండేవి. వాటితో పాటు ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు), డైగ్లాట్ రిజిస్టర్లు (రెండు భాషల్లో రాసిన భూమి పుస్తకాలు). తీర గ్రామాల్లో వీటికి ఉన్న విలువ ఇంకెక్కడా ఉండదు, ఎందుకంటే ఆ నేలను మళ్లీ కొలవడం ఎవరి వల్లా కాదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో కొత్త పటాలు తయారవుతున్నాయి. డ్రోను ఉన్న నేలనే చూస్తుంది. కొత్త పటం అమలులోకి రాగానే పాతది అక్కరలేని కాగితమైపోతుంది. అక్కరలేని కాగితం అలమర పైఅర నుంచి నేల మీదికి, నేల మీది నుంచి చెద పురుగులకు చేరడానికి ఎన్నాళ్లో పట్టదు. అయ్యా, తీర మండలాల వరకైనా పాత గ్రామ పటం ఒక్కటి కూడా స్కాన్ చేయకుండా కదిలించవద్దని ఉత్తర్వు ఇవ్వండి. ఈ లేఖలో అన్నిటికంటే తొందరపడాల్సిన కోరిక ఇదే.

ఇక ఓడల చార్టుల మాట. మా వీధి చివర ఎనభై ఆరేళ్ల పెద్దాయన ఒకరున్నారు. అందరూ బాబాయి అని పిలుస్తారు. పదేళ్ల వయసులో తెప్ప ఎక్కి, డెబ్బై దాటాక దిగినవారు. నేను ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పాత నౌకా చార్టును అచ్చు వేయించి, ఆయన అరుగు మీద పరిచాను. సముద్రం నిండా చిన్న చిన్న అంకెలు. అవేమిటని అడిగారు. లోతులు, ఒక్కో అంకె ఆరడుగుల లెక్కన, అని చెప్పాను. ఆయన రెండు చేతులూ బార్లా చాపారు. "అంటే బార. మా నాన్న బారల్లోనే కొలిచేవాడు. తాడుకు సీసం గుండు కట్టి వదిలేవాడు."

అవును, ఇంగ్లీషువాళ్లు ఫాదమ్ అన్నదీ మనం బార అన్నదీ ఒకటే కొలత, చాపిన చేతుల వెడల్పు. ఆ రోజుల్లో ఓడలవాళ్లు సీసం గుండు అడుగున గుంట చేసి కొవ్వు పూసేవారు. అడుగున ఉన్నది ఇసుకో బురదో దానికి అంటుకుని పైకి వచ్చేది. చార్టులో అంకె పక్కన కనిపించే పొడి అక్షరాలు దాని గురించే. ఇది చెప్పగానే బాబాయి తల ఊపారు. "గుండుకు అంటినది చూసే వల వేయాలో వద్దో తేల్చుకునేవాళ్లం." తరువాత గంటన్నర సేపు ఆయన వేలు ఆ కాగితం మీద నడిచింది. ఇక్కడ రాతి నేల, వల చిరుగుతుంది. ఇక్కడ పాత మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) ఉండేది, నీరు తగ్గే పాటు సమయంలో పడవ దిగబడేది. ఈ దిబ్బ ఇప్పుడు లేదు, ఫలానా గాలివానకు పోయింది. చార్టు మీద పేరు లేని చోట్లకు ఆయన దగ్గర పేర్లున్నాయి. అక్షరం ముక్క రానివాడినని తనను గురించి చెప్పుకునే మనిషి రెండు వందల ఏళ్ల నౌకా శాస్త్రాన్ని తన సొంత లెక్కలాగా చదివారు.

ఈ దృశ్యం చూశాకే ఈ లేఖ రాయాలని నిశ్చయించుకున్నాను.

ఇలాంటి పని మన గడ్డ మీద కొత్తది కాదు. భారత సర్వే శాఖకు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య పనిచేశారు. ఒక చేత్తో పటాల పని నడుస్తుండగా రెండో చేత్తో ఊళ్ల చరిత్రలు రాయించారు. అవే కైఫీయతులు. పటం గీసేవాడూ ఊరి మాట వినేవాడూ కలిసి తిరగాలని రెండు వందల ఏళ్ల కిందటే తెలుసు. తీరానికి కూడా కొలతలు తీసినవాళ్లు ఉన్నారు. కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టాడు. గిండీ ఇంజనీరింగ్ కళాశాల మూలం అదే. రెండేళ్లకు బందరులో చనిపోయాడు. మన దగ్గర ఎంతమంది విద్యార్థులకు ఆయన పేరు తెలుసు? నేనే పదవిలో ఉండగా ఒక్కసారి కూడా చెప్పలేదు, ఆ లోటు నన్ను బాధిస్తుంది.

కాకినాడ దగ్గరి కోరంగి గురించి ఎక్కడ వెతికినా ఒక అంకె కనిపిస్తుంది: 1839 నవంబరు ఉప్పెనలో మూడు లక్షల మంది చనిపోయారని, ఇరవై వేల పడవలు పోయాయని. నాకు ఆ అంకె మీద నమ్మకం కుదరదు. కోరంగి గొప్ప రేవే. ఓడలు కట్టిన ఊరు. బర్మాకు వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు కోరంగీలు అన్నారంటే ఆ రేవు మీదుగా ఎందరు వెళ్లి ఉంటారో ఊహించవచ్చు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరసగా వచ్చి ఆ ఊరిని ముంచేశాయి. తుపానుకు సైక్లోన్ అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి రాశాడు. అయినా మూడు లక్షల మంది ఉండటానికి ఎంత ఊరు కావాలి? ఎన్ని ఇళ్లు కావాలి? దీన్ని తేల్చాలంటే 1789కి ముందు, 1839కి ముందు, ఆ తరువాత గీసిన కోరంగి పటాలను పక్కపక్కన పెట్టాలి. ఇళ్ల వరసలు, ఓడల రేవు, కాలువ వెడల్పు, మడ అడవి అంచు చూడాలి. చనిపోయినవాళ్ల సంఖ్య తగ్గిందని తేలినా వాళ్ల పట్ల అది అగౌరవం కాదు. ఎవరూ లెక్క చూడని అంకెలో వాళ్లను పారేయడమే అగౌరవం.

బందరుదీ ఇలాంటి చరిత్రే, కాకపోతే దానికి కాగితం ఎక్కువ. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వ్యాపార స్థావరం పెట్టారు, డచ్చివాళ్లు వాళ్లకంటే ముందే వచ్చారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. ఆ నీరు ఎంత లోపలికి వచ్చిందో, ఏ వీధి మునిగిందో, ఏది మిగిలిందో ఊరి పటం మీద గీసి బందరు బడుల గోడలకు పెట్టాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన అలను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి ఆ గీత కూడా గీయవచ్చు. ఆ రోజుల పత్రికల ఫొటోల్లో అయినవాళ్ల శవాలున్నాయి, కాబట్టి వాటిని బయట పెట్టేటప్పుడు ఆ కుటుంబాలను అడిగి పెట్టాలి. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఇవన్నీ ఎక్కడున్నాయి? సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం దేహ్రాదూన్‌లో ఉంది. నౌకా చార్టులు తయారుచేసే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమూ అక్కడే. డచ్చి ఈస్టిండియా కంపెనీ పటాలు హేగ్ నగరంలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కాకినాడలో కలిసిపోయిన జగన్నాథపురం, భీమునిపట్నం, బందరు ఆ కాగితాల్లో ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో. అక్కడ ఎలాగూ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అని ఊరుకోవడానికి లేదు. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే, అక్కడి డిజిటల్ సేకరణలు చాలాకాలం ఎవరికీ అందలేదు. మన తీరం బొమ్మ చూసుకోవడానికి లండన్‌లో కంప్యూటర్ బాగుపడే దాకా ఆగాల్సి వచ్చింది. నకళ్లు మన దగ్గర ఉండాలి. ప్రభుత్వం అడిగితే ఇవ్వడానికి ఆ సంస్థలకు అభ్యంతరం ఉండదనే నా నమ్మకం.

అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసిన చిత్రాలను (ఆ కార్యక్రమం పేరు కరోనా) 1995లో అందరికీ విడుదల చేశారు. అక్కయ్య పెళ్లి జరిగిన ఏడాది ఆకాశం నుంచి కూడా కెమెరాలు నేలను చూస్తూనే ఉన్నాయన్నమాట. మా ఊరి మీద మబ్బు లేని రోజున తీసిన చిత్రం ఒక్కటి దొరికినా, మా సరుగుడు చెట్ల వరస నుంచి నీటి అంచు ఎంత దూరమో తేలిపోతుంది.

విశాఖపట్నం సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, అక్కడ పోర్టు ఉంది కాబట్టి కాగితాలూ ఫొటోలూ బాగానే దాచి ఉంటారు. 1933లో జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. రేవు ముఖద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. ఇసుక నడకకు అడ్డం పడితే ఏమవుతుందో నగరం ఇప్పటికీ చూస్తోంది, తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు తిరిగి పోస్తూనే ఉన్నారు. రేవుకు ముందు ఆ తీరం ఎలా ఉండేదో చూపే ఫొటోలను బీచ్ రోడ్డు మీదే, అదే కోణంలో, అదే చోట నిలబెడితే ఎంత బాగుంటుంది!

నా కోరికకు మూడు అభ్యంతరాలు విన్నాను. పాత పటాలు తప్పుల తడక అని కొందరంటారు. కొంత నిజమే. ఓడల చార్టు గీసినవాడికి నీటి లోతు ముఖ్యం, ఊరి ఇళ్లు కావు, తీరం గీతను అంచనాతో గీసిన సందర్భాలున్నాయి. పాటు సమయంలో తీసిన ఫొటోలో సముద్రం దూరంగా కనిపిస్తుంది, పోటు సమయంలో దగ్గరగా. అందుకే ఒక్క పటాన్ని నమ్మి ఏదీ తేల్చకూడదు, పటాన్ని పటంతో, పటాన్ని మనిషితో పోల్చాలి. రెండో అభ్యంతరం రక్షణ. తీరం పటాలు చాలాకాలం సామాన్యులకు అందేవి కావు. కానీ 2021లో కేంద్రమే పటాల మీద ఆంక్షలు బాగా సడలించింది. వందేళ్ల నాటి రేవు పటంలో దాచవలసిన రహస్యం ఏముంటుంది? మూడోది ఎవరూ పైకి అనరు, చెవిలో చెబుతారు: ఇవన్నీ బయట పెడితే జనం నష్టపరిహారం అడుగుతారని. అడుగుతారు. అడగనివ్వండి. పోయిన నేల ఎంతో ప్రభుత్వానికీ తెలియాలి కదా. తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నిబంధనల కింద తీర నిర్వహణ పటాలు గీసేటప్పుడు జాలరి ఊరు ఎక్కడిదాకా ఉందన్న వాదన ప్రతిసారీ వస్తుంది. పాత ఊరి హద్దు తెలిస్తే ఆ వాదన సగం తీరుతుంది.

ఇళ్లలో ఉన్న ఫొటోల గురించి ఒక్క మాట. పెళ్లిళ్లు, వలసకు ముందు స్టూడియోలో దిగినవి, కొత్త పడవను నీళ్లలోకి దించిన రోజున తీసినవి, ఇలాంటి వాటిలోనే తీరం దాగి ఉంది. వాటిని ఇచ్చేయమని అడగకండి. ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బడికి ఒక స్కానర్ తీసుకువచ్చి, వాళ్ల కళ్ల ముందే నకలు తీసి, అసలు వాళ్ల చేతిలో పెట్టండి. ఫొటో వెనక ఉన్న రాత, స్టూడియో ముద్ర కూడా తీయండి. బొమ్మలో ఉన్నది ఎవరు, వెనక కనిపించే గుడి ఏది, చెట్టు ఏది, రాసుకోండి. మా వీధిలో నేను ఒక్కడినే తిరిగితే నలభై ఒక్క ఫొటోలు దొరికాయి. వాటిలో తొమ్మిదింట్లో ఇప్పుడు లేని నేల ఉంది.

బాబాయి ఇంతవరకు మునిగిపోయిన చోట్ల పేర్లు పదకొండు చెప్పారు, వాటిని నోటు పుస్తకంలో రాశాను. రెండు పేర్లు మొదటిసారి గుర్తు రాలేదు, చార్టును తిరగేసి తన ఇల్లు ఉన్న వైపు నుంచి చూశాక గుర్తొచ్చాయి. వచ్చే అమావాస్య పోటు తగ్గాక మళ్లీ కూర్చుందామన్నారు. మీ శాఖల నుంచి ఎవరైనా వస్తే మా అరుగు మీదే చాప వేస్తాం. వచ్చేటప్పుడు పటాన్ని పెద్దదిగా అచ్చు వేయించి తెండి, ఆయన చూపు మందగించింది.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
ఉప్పాడ తీరం, కాకినాడ జిల్లా